నలభై ఒకటో బండికి ఆర్డరు

1931 అక్టోబరు 17, శనివారం, మధ్యాహ్నం మూడు గంటలు. ఇండియానాలో కార్డెల్ ఊరి కరెంటు రైలు స్టేషను, పార్శిళ్ళ గది. హాజరైనవారు ముగ్గురు: సూపరింటెండెంటు హఫ్‌నేగిల్, నలభై ఒకటో బండి కండక్టరు డెల్బర్ట్, అదే బండిని నడిపే మోటర్‌మన్ ఆర్లో.

ఆ ఉదయం నలభై ఒకటో బండి ఎదురుగా వస్తున్న గూడ్సు బండిని గుద్దుకుంది. ఆ దారిలో ఉన్నది ఒకటే లైను. ఒక బండి పక్క లైనులో ఆగితేనే రెండోది ముందుకు పోగలదు. ఎక్కడ ఆగాలో ఫోనులో ఆర్డరు వస్తుంది. కండక్టరు దాన్ని చీటీ మీద రాసుకుంటాడు. మోటర్‌మన్ చదివి, సంతకం చేసి, జేబులో పెట్టుకుంటాడు.

ఇప్పుడు బల్ల మీద ఒక చీటీ ఉంది. 'మిల్లు దగ్గర పక్క లైనులో ఆగవలెను.' డెల్బర్ట్ రాతలా కనిపించేట్టు హఫ్‌నేగిల్ రాసిన అక్షరాలు. సిరా ఇంకా ఆరలేదు. సంతకం చోటు ఖాళీగా ఉంది.

"ఇరవై రెండేళ్ళు నడిపావు కదయ్యా, ఆర్లో! మిల్లు దగ్గర ఓ పది నిమిషాలు ఆగితే నీ సొమ్మేం పోయేది?" అని అరిచాడు హఫ్‌నేగిల్.

ఆర్లో పలకలేదు.

"అతన్నెందుకంటారు? నన్నడగండి," అన్నాడు డెల్బర్ట్. "అసలు ఆర్డరే ఇవ్వలేదు మీరు. 'దారి ఖాళీ, పోనివ్వండి' అన్నారు. ఈ చెవితోనే విన్నాను."

"ఫోను చూసే మనిషిని తీసేసి ఆ పని నా నెత్తిన పెట్టారు. ఒక చెవికి ఆర్డర్లు, ఇంకో చెవికి కోడిగుడ్ల పెట్టె పోయిందని రైతుల తిట్లు. నాకున్నవి రెండే చెవులు!"

"అందులో ఒక్కటన్నా పనిచేసి ఉండాల్సింది."

హఫ్‌నేగిల్ బల్ల గుద్దాడు. "నాలుగింటికి ప్రభుత్వ కమిషన్ ఇన్‌స్పెక్టరు వస్తాడు. తప్పు ఆఫీసుదని తేలిందా, పరిహారాలతోనే లైను మూత! బస్సు కంపెనీవాడు ఇప్పటికే మన స్టాపుల్లో బోర్డులు పాతుతున్నాడు. నూట ఎనభై మందిమి రోడ్డున పడతాం."

"సంతకం పడితే తప్పంతా ఆర్లోది అవుతుంది. వాళ్ళావిడ ఎల్వా నన్ను గుమ్మం ఎక్కనిస్తుందా?"

"ఎల్వా తమ్ముళ్ళిద్దరూ మన షెడ్డులోనే పనిచేస్తున్నారు. వాళ్ళు తిండికేం చేస్తారో అదీ ఆలోచించు."

డెల్బర్ట్ కాలి దగ్గరున్న ఖాళీ పెట్టెను ఒక్క తన్ను తన్నాడు.

"తీగలు తెగితే బాగుచెయ్యలేదు. బ్రేకులు అరిగితే మార్చలేదు. పుచ్చిన చెక్కలకి రంగేసి సరిపెట్టారు. ఇప్పుడీ మనిషి పేరు కూడా అమ్ముకుంటావా? సిగ్గులేదూ నీకు?"

'మీరు' కాస్తా 'నువ్వు' అయింది. ఆ తేడా హఫ్‌నేగిల్ గమనించలేదు. అతడు ఆర్లో ఉన్న బెంచీ వైపు తిరిగాడు.

"ఆర్లో! నువ్వైనా చెప్పవయ్యా వీడికి! ఈ లైను కోసం నువ్వేం చెయ్యలేదు గనక?"

ఆర్లో ఏమీ చెప్పలేదు.

నాలుగుకు పది నిమిషాలు తక్కువ. హఫ్‌నేగిల్ కలం చాపాడు.

"నాశనమైపోతావు," అన్నాడు డెల్బర్ట్.

"ఎప్పుడో అయిపోయాను. కానివ్వు."

డెల్బర్ట్ కలం లాక్కుని, పాళీ కాగితంలో దిగబడేలా, అచ్చం ఆర్లో చేతిరాతతోనే ఆర్లో పేరు సంతకం చేసి, చీటీని నాలుగు మడతలు పెట్టి, బెంచీ మీది దుప్పటి తప్పించి, చల్లబడిన ఆ ఛాతీ మీది చొక్కా జేబులో దాచి, దుప్పటిని మళ్ళీ ముఖం మీదికి లాగాడు.