జ్వరం తగ్గిన నాడు

పదకొండో రోజు పొద్దున కృతిక కళ్లు తెరిచింది. డెంగీ జ్వరం మెదడుకు ఎక్కి, ఆరు రోజులుగా ఆ పిల్లకు స్పృహే లేదు. సిద్దిపేట దవాఖానలో మంచం పక్కనే కూర్చున్న తల్లి స్వరూప ఒక్క ఉదుటున లేచింది.

"నీ పేరేంది?" డాక్టర్ అడిగాడు.

"కృతిక."

"ఏ క్లాసు?"

"నాలుగు, సార్."

స్వరూపకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. చెంచాతో రాగిజావ పట్టింది. పిల్ల సగం గ్లాసు తాగింది. మూతి తుడవబోతే సిగ్గుపడి తల పక్కకు తిప్పుకుంది.

"చాలు ఆంటీ. మీరు మా అమ్మను చూసిన్రా?"

డాక్టర్ స్వరూపను పక్కకు పిలిచాడు. "డెంగీ మెదడుకు ఎక్కితే ఎవరికో ఒకరికి ఇట్లయితదమ్మా. యాదికి మళ్ల రావచ్చు, రాకపోవచ్చు. ఇప్పుడైతే బలవంతం చెయ్యకు, పిల్ల బెదురుతది."

స్వరూప కళ్లు తుడుచుకుని మంచం దగ్గరికి వచ్చింది. కృతిక తలుపు వైపే చూస్తోంది.

"ఆంటీ, మా అమ్మ వస్తదా?"

"వస్తది బిడ్డా. నువ్వు గీడున్నవని తెలిస్తే ఉరికొస్తది. అమ్మ వచ్చెదాక నీ దగ్గర నేనుంట."