మొదటి దెబ్బ

"అబ్బే, నేనెందుకండీ! నాకన్నా పెద్దవాళ్లు బోలెడుమంది ఉన్నారుగా!" అనేశాడు పద్మనాభం.

అన్నది ఇంగ్లీషులోనే గానీ, అందులోని మొహమాటం మాత్రం అచ్చమైన తెనాలి సరుకు.

"ఓ, అలాగా! సరే అయితే" అని క్యారల్ తన దారిన తాను వెళ్లిపోయింది.

పద్మనాభం నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. ఇదెక్కడి చోద్యం! ఇంకోసారి అడగదా? మనవైపు రెండో గరిటె పప్పు వడ్డించాలన్నా ముచ్చటగా మూడుసార్లు బతిమాలాల్సిందే కదా!

తెల్లారితే ఆ ఊళ్లో మున్సిపల్ గోల్ఫ్ కోర్సు మళ్లీ తెరుస్తున్నారు. ఫీనిక్స్ పక్కన చిన్న ఊరది. మొన్నమొన్నటిదాకా ఆ కోర్సులో ఎండిపోయిన గడ్డి, కుందేళ్ల బొరియలు, ఇసక గుంతల్లో బీరు సీసాలు తప్ప ఇంకేమీ ఉండేవి కావు. అమ్మిపారేస్తామని సిటీవాళ్లు అనేసరికి చుట్టుపక్కల ఇళ్లవాళ్లంతా నడుం బిగించారు. పద్మనాభం రిటైరైన ఇంజనీరు. అరిజోనా ఎండలో మాడుతూ, పగిలిన స్ప్రింక్లర్ పైపులన్నీ తవ్వి బాగుచేసింది ఆయనే. అందుకే మొదటి బంతి ఆయన చేత కొట్టిద్దామని పార్క్స్ డిపార్ట్‌మెంట్ క్యారల్ వచ్చి అడిగింది.

ఆ ఒక్క దెబ్బ కోసం ఆయన ఎంత తపించాడని! వేసవంతా గరాజ్‌లో పాత దుప్పటి వేలాడదీసి, దాన్ని బంతులతో చావబాదాడు. తెల్లటోపీ కొన్నాడు. తెలిసిన తెలుగువాళ్లందరికీ ఫోన్ చేసి, "రేపు తప్పకుండా రండి, చూద్దురుగాని" అని చెప్పాడు. ఏం చూస్తారో మాత్రం చెప్పలేదు.

పరుగెత్తుకెళ్లి క్యారల్‌ని పార్కింగ్‌లో పట్టుకున్నాడు.

"అంటే... మీరు మరీ పట్టుబడితే..." అని నసిగాడు.

"అయ్యో, లేదు పద్మా! మీ నిర్ణయాన్ని మేం గౌరవిస్తాం" అంది ఆవిడ. ఆవిడ నోట పద్మనాభం ఎప్పుడో పద్మ అయిపోయాడు. "కౌన్సిల్‌మన్‌తో కొట్టిస్తాంలెండి, మీరు హాయిగా చూడండి" అని కారెక్కింది.

గౌరవించింది, మహాతల్లి! ఆ గౌరవానికి పద్మనాభానికి ఏడుపొక్కటే తక్కువ.

ఇంటికొచ్చి చెబితే భార్య గిరిజ పడీపడీ నవ్వింది. శనివారం శనివారం పని చెయ్యడానికి వచ్చే వాలంటీర్లందరికీ పులిహోర పెట్టింది ఆవిడే. ఇప్పుడూ చింతపండే పిసుకుతోంది.

"ఇన్నేళ్లయింది ఈ దేశమొచ్చి, ఇంకా ఆ మొహమాటం పోలేదేమిటండీ మీకు? ఇక్కడ ఊఁ అంటే ఊఁ, ఉహూఁ అంటే ఉహూఁ. మీ మేనత్తలాగా చెయ్యి పట్టుకుని పీటమీద కూలేస్తారనుకున్నారా?"

"రెండోసారి అడుగుతుందనుకున్నానే!"

"రేపు క్యారల్ ఏమడిగినా సరే, నోరు మూసుకుని యెస్ అనండి."

"నోరు మూసుకుని ఎలా అంటానే?" అని విసుక్కున్నాడు పద్మనాభం. "అయినా నీకేం తెలుసు గోల్ఫ్ సంగతి?"

"ఏముంది తెలియడానికి! కర్రతో బంతిని తగలేసి, మళ్లీ దాని వెనకాలే మనం దేవులాడుకుంటూ పోవడం. అదీ ఒక ఆటే!"

మర్నాడు పొద్దున్నే గిరిజ పులిహోర ట్రేలు కార్లో పెట్టుకుని ముందే వెళ్లిపోయింది. పద్మనాభం టోపీ పెట్టుకుని, కాళ్లీడ్చుకుంటూ వెనకాల చేరాడు. కోర్సు పచ్చగా మెరిసిపోతోంది. చూస్తుంటే ఆయనకి కడుపు నిండింది, మండింది కూడా.

ఇంతలో శ్యామ్‌సుందర్ వచ్చి చెవిలో ఊదాడు. వీళ్ల వీధిలోనే ఉంటాడు, ఊళ్లో కబుర్లన్నీ ముందు ఆయనకే చేరతాయి.

"గురూగారూ, కౌన్సిల్‌మన్‌కి నడుం పట్టేసిందంట. రావట్లేదంట!"

"అయ్యో పాపం!" అన్నాడు పద్మనాభం. ఆయన మొహం మతాబాలా వెలిగిపోయింది.

దూరంనుంచి క్యారల్ చెయ్యూపుతూ ఇటే వస్తోంది. ఈసారి పొరపాటున కూడా నోరు జారకూడదని పళ్లు బిగబట్టాడు.

"పద్మా, మీరో సాయం..."

"యెస్!"

"ఏమిటో ఇంకా చెప్పనేలేదు..."

"ఏదైనా యెస్సే!"

"థాంక్ గాడ్! మీరు ఒప్పుకుంటారో లేదోనని భయపడ్డాను. రండి, టైమైపోతోంది."

పద్మనాభం ఛాతీ విరుచుకుని నడిచాడు. తెలుగువాళ్లంతా ఈలలు వేశారు. శ్యామ్‌సుందర్ కెమెరా ఆన్ చేశాడు. క్యారల్ ఆయన చేతిలో తెల్లటి బంతి, చెక్క మేకు పెట్టి, "అదిగో, అక్కడ నిలబెట్టండి" అంది.

మోకాళ్లమీద కూర్చుని మేకుని గడ్డిలోకి గుచ్చాడు. బంతిని జేబురుమాలుతో తుడిచి, కళ్లకద్దుకుని, దానిమీద జాగ్రత్తగా నిలబెట్టాడు. తాను తడిపి పెంచిన గడ్డి. తన బంతి. తల ఎత్తకుండానే బంతి కొట్టే క్లబ్ కోసం చెయ్యి వెనక్కి చాపాడు.

ఎవరూ ఇవ్వలేదు.

తల తిప్పి చూస్తే ముందు స్నీకర్లు కనిపించాయి. వాటిమీద పట్టుచీర కుచ్చిళ్లు. ఇంకా పైన నడుంలో దోపిన కొంగు, రోకలి పట్టినట్టు రెండు చేతులా బిగించి పట్టిన గోల్ఫ్ క్లబ్.

"నువ్వా!"

"కాస్త పక్కకి జరగండి, తగుల్తుంది" అంది గిరిజ. "పులిహోర తింటూ క్యారల్ కొడతారా అంది, కొడతానన్నాను!"