రబ్బరంటే భయం

"నీకేంటి సమస్య?"

"రబ్బరంటే భయం మేడమ్."

"ఏ రబ్బరు?"

"తుడిచే రబ్బరు. చూస్తే చాలు, నన్ను కూడా తుడిచేస్తుందేమో అనిపిస్తుంది."

స్కూలు కౌన్సెలర్ కలం కింద పెట్టి, ఎదురుగా కూర్చున్న ఎనిమిదో తరగతి పిల్లవాణ్ణి ఎగాదిగా చూసింది. వాడి చొక్కా జేబులోంచి అరిగిపోయిన రబ్బరు ముక్క ఒకటి తొంగిచూస్తోంది.

"మరి జేబులో అదేంటి నాయనా?"

వాడు గబుక్కున జేబు మూసుకున్నాడు. "ధైర్యం కోసం మేడమ్."

ఆమెకు తల గోడకేసి బాదుకోవాలనిపించింది. మొన్న ఒకతి వచ్చి, కలలో సున్నాలు తరుముతున్నాయంది. నిన్న ఒకడు, తన నీడ తన మాట వినడం లేదన్నాడు. అంతకుముందు వచ్చినవాడైతే ఏ జబ్బు చెప్పాలో మరిచిపోయి, "ఒక్క నిమిషం మేడమ్" అని బయటికెళ్లి కనుక్కుని మరీ వచ్చాడు! అందరూ ఎనిమిది బి సెక్షనే. అందరి చీటీల మీదా ఆటల మాస్టారి సంతకమే. ఎండలో పరుగెత్తడానికి బద్ధకం, ఫ్యాను కింద కూర్చోవడానికి రోగం. ఇందుకా తను ఇన్నేళ్లు చదివింది? అంతా బూడిదలో పోసిన పన్నీరు.

విరిగిన బల్లలు పడేసిన ఈ గదిని ఖాళీ చేయించడానికి ఆమె కాళ్లరిగేలా తిరిగింది. హెడ్మిస్ట్రెస్ ఇచ్చింది గానీ ఊరికే ఇవ్వలేదు. నెలకు కనీసం ఇరవైమంది పేర్లు రిజిస్టరులో ఎక్కకపోతే గది మళ్లీ బల్లలకే అని తలుపు మీద నోటీసు అంటించింది. పేరు ఎక్కిన ప్రతి పిల్లకీ పిల్లవాడికీ ఆరోజే ఇంటికి ఉత్తరం వెళ్లాలంది. ఆ ఉత్తరమే కొంప ముంచింది. నీడ కుర్రాడి తల్లి పొద్దున్నే వచ్చి విరుచుకుపడింది.

"మావాడికి పిచ్చని మీకెవరు చెప్పారు?"

"పిచ్చని ఎవరన్నారమ్మా? మాట్లాడటానికి వచ్చాడు, అంతే."

"మాట్లాడటానికి ఇంట్లో మాకు నోళ్లు లేవా? ఉత్తరం చూసి వాళ్ల నాన్న వాడి సైకిలుకు తాళం వేశారు, తెలుసా!"

ఇలాంటి ఉత్తరం వెళ్తుందని తెలిశాక, నిజంగా బాధ ఉన్న పిల్లలు ఈ గడప తొక్కుతారా? వచ్చింది ఒక్కతే. కిటికీ పక్కనే కూర్చుంటుంది కాబట్టి కౌన్సెలర్ ఆమెకు 'కిటికీ పిల్ల' అని పేరు పెట్టుకుంది. మొదటి రోజు ఒక కాగితం ముక్క ముందుకు తోసింది: 'ఇంటికి ఉత్తరం వెళ్తుందా?' అది చదివి, "నీ పేరు రాయనులే" అంది కౌన్సెలర్. అప్పటినుంచి మూడు నెలలుగా, మధ్యాహ్నం బెల్లు కొట్టగానే రావడం, ఆ కుర్చీలో కూర్చుని టిఫిన్ డబ్బా తెరవడం, మౌనంగా తినడం, వెళ్లిపోవడం. పోయిన వారం మొదటిసారి నోరు విప్పి, "రేపు కూడా వస్తాను" అంది. ఆ రెండు ముక్కలకే కౌన్సెలర్ కళ్లు చెమ్మగిల్లాయి. అదీ ఎనిమిది బీయే. ఆ కోతిమూకలో బుద్ధిమంతురాలు అదొక్కతే అనుకునేది.

హెడ్మిస్ట్రెస్ తలుపు దగ్గర నుంచే కేకేసింది. "నెలాఖరు కదండీ, ఎంతమంది తేలారు?"

"ఇరవైముగ్గురు. అందులో ఒక్కటీ నిజం రోగం కాదండీ!"

"మీకెందుకండీ అవన్నీ? చివరి బెల్లుకల్లా రిజిస్టరు నా బల్ల మీద ఉండాలి."

ఆమె వెళ్లిపోయింది. ఇదే సందని రబ్బరు కుర్రాడు లేచాడు. వాడి జేబులోంచి మడతపెట్టిన కాగితం జారి కింద పడింది. కౌన్సెలర్ తీసి చదివింది.

'పొడుగు: నీడ. గుండు: రబ్బరు. కెప్టెన్‌కి కూడా వంతు తప్పదు. ఒకసారి వెళ్లినవాళ్లు ఆ నెల మళ్లీ వెళ్లక్కర్లేదు. ఇంట్లో తిడితే ఓర్చుకోవాలి.'

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. "పిలువు మీ కెప్టెన్ని!"

ఎనిమిది బి జట్టు కెప్టెన్ మెడలో ఈలతో, మోకాళ్ల నిండా దుమ్ముతో రొప్పుతూ వచ్చింది.

"ఇది నీ రాతేనా?"

"నాదే మేడమ్."

"ఆటలు ఎగ్గొట్టడానికి వంతులేసుకున్నారా?"

"ఆటలంటే మాకు ప్రాణం మేడమ్."

"మరి నా ప్రాణం ఎందుకు తీస్తున్నారు? ఇంటికి ఉత్తరం వెళ్తుందని తెలుసా, తెలీదా?"

"తెలుసు మేడమ్. నాకు రెండు దెబ్బలు పడ్డాయి కూడా."

"పడాలి! ఇంకో రెండు పడాలి! మీ దొంగ రోగాలతో నా రిజిస్టరు నింపుతారా?"

కోపంలో మనిషికి ముందూ వెనకా కనబడవు. కౌన్సెలర్ ఎర్ర కలం అందుకుని మొదటి పేరు కొట్టేసింది. రెండోది కొట్టేసింది. మూడోదీ కొట్టేసింది. నాలుగో పేరు మీదికి కలం వచ్చేసరికి, కెప్టెన్ చటుక్కున వంగి రిజిస్టరు మీద చెయ్యి పెట్టేసింది.

"ఇంక కొట్టకండి మేడమ్! ఇరవై ఉండాలి."

"ఉంటే నీకేం ఒరుగుతుందే?"

కెప్టెన్ కిటికీ పక్కనున్న ఖాళీ కుర్చీ వైపు చూసింది.

"తను ఇంకెక్కడా తినదు మేడమ్."