పాత నంబరు

గురుమూర్తి ఒకచోట నిలవలేకపోతున్నాడు. కిటికీ దగ్గరికి వెళ్తాడు, రోడ్డు చూస్తాడు, మళ్లీ వస్తాడు.

ఫోన్ కంపెనీ నుంచి పెద్దాఫీసరు ఈ రోజే రావాలి. కొత్త సాఫ్ట్‌వేర్ చూసి సంతకం చేస్తే బతికినట్టు. లేదంటే టీమంతా రోడ్డు మీదే.

ఆర్డరు వచ్చేసినట్టే అనుకుని పైవాళ్లు పేపర్లో వాక్-ఇన్ ఇంటర్వ్యూ ప్రకటన కూడా ఇచ్చేశారు. 2003లో బెంగళూరులో శనివారమంటే అదే జాతర. కింద హాలు నిండా ఫైళ్లు పట్టుకున్న జనం.

రిసెప్షన్‌లో ఉండే మమత తలుపు తీసింది. "సార్, ఈ మేడమ్..."

"పంపు, పంపు. ఆఫీసరు కారు వస్తే మాత్రం పరుగెత్తుకొచ్చి చెప్పు."

నలభై దాటిన మనిషి. చేతిలో ఫైలు. ఈ వయసులో ఉద్యోగానికి రావడమేమిటో!

"నమస్కారమప్పా. నేను పద్మావతి, హొసకోటె నుంచి..."

"పేరు చాలమ్మా, కూర్చోండి. టైం లేదు. ఒకటే ప్రశ్న."

ఆమె ఏదో చెప్పబోయి, నవ్వి కూర్చుంది. "అడగండప్పా."

అప్పా ఏమిటి అప్పా! గురుమూర్తికి ఒళ్లు మండింది.

"ఎక్స్ఛేంజీలోని పెట్టెల్ని దూరం నుంచి కనిపెట్టుకుని ఉండే సాఫ్ట్‌వేర్ మాది. వేడికో నంబరు, కరెంటుకో నంబరు. నంబరు పంపితే పెట్టె రీడింగ్ చెబుతుంది. పాత నంబరు అక్కర్లేకపోతే ఏం చేస్తారు?"

"పాతదని గుర్తు పెట్టి, అట్లే ఉండనిస్తా. మీరేం చేసినారు?"

"తీసేశాం. వేడి నంబరుని ఫ్యాన్ స్పీడుకి ఇచ్చేశాం. క్లీన్!"

"ఆనేకల్ పక్క ఆఫీసుల్లో పాత ప్రోగ్రాములు ఇంకా ఉండాయి. అవి వేడెంతని అడిగితే మీ పెట్టె ఫ్యాన్ స్పీడు చెబుతుంది గదా? కాలిపోతా ఉన్నా తెలీదే!"

"వాళ్లూ కొత్తది కొనుక్కోవాలి."

"అంతవరకన్నా ఉండనీండప్పా. అడిగేవాళ్లు ఉండారు."

కింద కారు హారన్ వినిపించింది. గురుమూర్తి దిగ్గున లేచాడు.

"మాకు కొత్తగా ఆలోచించేవాళ్లు కావాలమ్మా. కబురు చేస్తాం."

ఆమె అతన్ని ఒక్క క్షణం చూసింది. ఫైలు తీసుకుని వెళ్లిపోయింది.

ఆ కారు ఇంకెవరిదో.

సాయంత్రమైంది. హాలు ఖాళీ అయింది. ఆఫీసరు జాడ లేదు. ఇక ఉండబట్టలేక గురుమూర్తి ఫోన్ చేశాడు.

"మీ పెద్దాఫీసరు ఇంకా రాలేదండీ. పొద్దున్నుంచీ ఆయన కోసమే కాచుకుని ఉన్నాం."

అవతలి గొంతు తడబడింది.

"ఆయనెవరు సార్? మా పెద్దాఫీసరంటే పద్మావతి మేడమే. ఆమెను పొద్దున్నే మీరే ఇంటర్వ్యూ చేసి పంపించేసినారంట గదా!"