బిళ్ళ మీద పూత

కొలిమిలో వాడి తిరిగొచ్చిన ఇనుప పలకను యజమాని నా బల్ల మీద పడేశాడు. ప్లాస్మా మంటతో దానిమీద చల్లిన పింగాణీ పూత పెచ్చులుగా లేచిపోయింది.

"నువ్వు పాస్ చేసిందేగా? రేపటి నుంచి పనిలోకి రావద్దు."

"బిళ్ళ గట్టిగానే ఉందయ్యా. లాగితే జిగురు ఊడింది కానీ పూత ఊడలేదు."

ప్రతి పలకతోపాటు ఒక చిన్న బిళ్ళ మీద కూడా అదే పూత చల్లుతారు. ఆ బిళ్ళను జిగురుతో యంత్రానికి అంటించి లాగి చూసి, నేను పలకను పాస్ చేస్తాను. చల్లేది మా మరిది. పక్కనే ఉన్నాడు.

"బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డావేం? చెప్పు."

"నేనేం చెప్పను వదినా? పరీక్ష నీది."

పెచ్చును భూతద్దం కింద పెట్టాను. అడుగుదాకా ఒకటే తెలుపు. లోహప్పొడీ పింగాణీ పొడీ కలిపి, పాళ్ళు మారుస్తూ చల్లాల్సిన నడిమి పొరలు లేనే లేవు. అవి లేకపోతే వేడికి లోహం సాగుతుంది, పింగాణీ సాగలేక విడిపోతుంది.

"తొందరలో మర్చిపోయుంటాను," అన్నాడు మరిది.

నాకూ నమ్మాలనే అనిపించింది. ఆ పలకతో వచ్చిన బిళ్ళను తీసి చూశాను. అంచున ముదురు బూడిదరంగు మెల్లమెల్లగా తెలుపయింది. ఒక్క పొరా తప్పలేదు.

"నాకిచ్చేది మాత్రం ఎంత ఓపిగ్గా చేశావు నాయనా!"

మరిది యజమాని వైపు ఓసారి చూసి గొంతు తగ్గించాడు.

"ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం వదినా."

"ఎవరింటికి?" అన్నాను.