ఎర్ర తీగ

1993లో, పాత టీవీల్లో కేబుల్ ఛానళ్లు వచ్చేలా కరీంనగర్‌లో డబ్బాలు తయారుచేసే హనుమండ్లు, హైదరాబాద్ కంపెనీవాళ్ల కొత్త డబ్బా మూత విప్పి అలాగే ఉండిపోయాడు.

“దయన్నా, గీ ఎర్ర తీగ జూడు. దీంతోటి పనే లేదు. తొలి డబ్బాల నేను తప్పుజేసి పెట్టిన, తర్వాత తీసేసిన.”

భాగస్వామి దయాకర్‌రావు చూపు తిప్పుకున్నాడు. “గాళ్లు గూడ గదే తప్పు జేసిండ్రేమో.”

“గా తప్పుతోటి గీసిన నక్ష ఒక్కటే ఉండె. దాచమని నీకే ఇచ్చిన.”

దయాకర్‌రావు డబ్బా మూత తెచ్చి మూసేశాడు.

“నన్ను డైరెక్టర్‌ను జేస్తమన్నరు. నీకు గూడ మెకానిక్ నౌకరి ఇస్తరు తమ్మీ.”

“నా డబ్బాకు నేనే నౌకరునా?”

హనుమండ్లు దుకాణం తాళంచెవి ఇమ్మని చెయ్యి చాపాడు.

“నోరిడిచి అడిగితే, సరిజేసిన నక్షనే ఇస్తుంటి గదనే!”