తోలు వాసన

ఊద్, తోలు వాసనల అత్తర్లు పూసుకునేవాళ్లే గొప్పవాళ్లని నగరంలో గేట్లకు నేర్పారు. ఆ వాసన తగలందే తెరుచుకోవు. చెప్పులు కుట్టే లసుమవ్వ, మనవరాలు సుజన కొత్త ఫ్లాటు చూడటానికి వచ్చింది. అత్తరు పూసుకున్న సుజనకు తెరుచుకున్న గేటు అవ్వ ముందు మూసుకుపోయింది.

“సబ్బుతోని తానం జేసినవా అవ్వా?”

“రెండుపాల్లు రుద్దుకున్న బిడ్డా. తోలు వాసనొస్తదని మీ తాతను పెద్దోళ్లు గడప తొక్కనియ్యలే.”

సుజన మళ్లీ బయటికి వచ్చింది. తోలు పనికి ఒడిలో పరుచుకునే గుడ్డను అవ్వ కవర్లో ముడేసి సంచి అడుగున దాచి తెచ్చింది. సుజన దాన్ని తీసి అవ్వ భుజాన కప్పింది.

“దయచేయండమ్మా,” అంటూ గేటు తెరుచుకుంది.

లసుమవ్వ లోపలికి పోలేదు. రెండడుగులు వెనక్కి వేసింది. గేటు మూసుకుంది.

“ఇంకోపాలి అననియ్యి బిడ్డా.”